వెనక తలుపు తాళం

హోటల్ మేడ మీద గది,
వానలు మొదలైన వారం

మరిదిగారికి,

మీ అన్నగారు పోయిన సంగతి జైలు వాళ్లు మీకు చెప్పే ఉంటారు. వెంటనే కబురు పంపితే ఆఖరి చూపుకి మిమ్మల్ని వదిలేవారని వకీలు గుమాస్తా అన్నాడు. పంపవద్దని నేనే అన్నాను. దాచడం దేనికి, ఆ రోజు మీ ముఖం చూసే ఓపిక నాకు లేదు.

ఎలా పోయారో తెలుసుకునే హక్కు మీకుంది కాబట్టి రాస్తున్నాను. మధ్యాహ్నం భోజనాల రద్దీ అయిపోయింది. బల్లలు తుడుస్తున్నారు. ఆయన కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని టీ అడిగారు. ఒక గుక్క తాగి, "ఇదేం టీ రా, గిన్నెలు కడిగిన నీళ్లు పోశావా?" అని వంటాయన్ని కసిరారు. అవే ఆఖరి మాటలు. వంటాయన ఇంకో గ్లాసు కలిపి తెచ్చేసరికి తల కౌంటర్ మీద వాల్చేసి ఉన్నారు. కునుకు తీస్తున్నారనుకుని కాసేపు ఎవరూ లేపలేదు. తన టీ వల్లే పోయారని ఆ పిచ్చివాడు ఇప్పటికీ ఏడుస్తున్నాడు.

టీ వల్ల కాదు, మీ వల్ల. వంటింట్లో మంటలు లేచిన రోజు నుంచీ మీ అన్న మళ్లీ మనిషి కాలేదు. తిండి తగ్గింది, నిద్ర పోయింది. గిన్నెలు కడిగే ఆవిడ, మనమంతా గిన్నెలక్క అని పిలిచిన మనిషి, ఆ మంటల్లో పోయింది కదా. ఆవిడ మాట ఎవరైనా ఎత్తితే చాలు, లేచి బయటికి వెళ్లిపోయేవారు. తను పెంచిన తమ్ముడు వెనక తలుపుకి తాళం వేసి, మంటలు లేచాక ఆవిడని లోపలే వదిలేసి పారిపోయాడంటే ఏ అన్న మాత్రం తట్టుకుంటాడు?

ఇక అసలు పని. చలికాలంలో వర్తకుల సంఘం వాళ్లు ఆయన పేరున సభ పెడుతున్నారు. సంఘం హాల్లో ఫోటో కూడా పెడతారట. నన్ను మాట్లాడమన్నారు. పెళ్లయిన తర్వాతి సంగతులు నాకు తెలుసు. అంతకు ముందు బండి రోజులవి ఆయన నోరు విప్పి ఎప్పుడూ చెప్పలేదు. అవి తెలిసిన మనిషి ఈ లోకంలో మీరొక్కరే మిగిలారు, నా ఖర్మ. గుర్తున్నవి రాసి పంపండి.

మీ వదిన


జైలు, వంటశాల వరండా

వదినకి,

ఉత్తరం విప్పి "మరిదిగారికి" అని చూడగానే, ఎవరిదో పొరపాటున నాకిచ్చారనుకున్నాను. నా ముక్కు తుడిచి బడికి పంపినదానివి నువ్వు. నువ్వే నన్ను మీరు అంటే నేనెక్కడికి పోయి దాక్కోను? తిట్టాలనుంటే తిట్టు వదినా. "ఒరేయ్ చిన్నోడా" అని తిట్టు.

అన్నయ్య కబురు వార్డరు చెప్పాడు. నేను ఇక్కడ కూడా పొయ్యి దగ్గరే పని చేస్తున్నాను. "నీకెవరో అన్నట, పోయాడట" అన్నాడు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను, కూర అడుగంటింది. అందరి చేతా చీవాట్లు తిన్నాను. అన్నయ్య ఉండి ఉంటే ఆయనా ముందు కూర సంగతే అడిగేవాడు.

నా రాత వంకర, ఏమనుకోకు. అరచేతుల చర్మం కాలిన దగ్గర బిగుసుకుపోయింది, కలం పట్టు చిక్కదు.

బండి రోజులు అడిగావు. అమ్మా నాన్నా ఒకరి వెంట ఒకరు పోయేసరికి అన్నయ్యకి మీసాలు కూడా సరిగా రాలేదు. బస్సుల మీద సామాన్లు ఎక్కించేవాడు. ఎవరో ఐస్ అమ్ముకునే అతను పాత బండి పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. ఒక చక్రం దానిది, ఇంకోటి దేనిదో. ఎంత తిన్నగా తోసినా ఎడమపక్కకే పోయేది. అందుకే మన హోటల్ రోడ్డుకి ఎడమపక్కన ఉందని నాతో అనేవాడు, తోసి తోసి ఇక్కడ ఆగిపోయామని. పొద్దున టీ, రొట్టెలు, మధ్యాహ్నం కూరా భోజనం. అమ్మకం పూర్తయ్యేదాకా తను ముద్ద ముట్టేవాడు కాదు. నన్ను మాత్రం బండి కింద గోనె మీద కూర్చోబెట్టి ముందే పెట్టేసేవాడు. "వీడికి ఆకలేస్తే ఊరంతా వినిపించేలా ఏడుస్తాడు, బేరం పోతుంది" అని జనంతో అనేవాడు. నిజానికి నేను ఏడ్చేవాణ్ని కాదు, నీకు తెలుసుగా.

పళ్లెంలో తిండి వదిలేసినవాళ్ల మీద మాత్రం విరుచుకుపడేవాడు. "మళ్లీ ఇటు రాకు" అనేవాడు. మర్నాడు అతనే వస్తే ఇంకో గరిటె ఎక్కువ వేసేవాడు. అలా తిట్లు తినడానికే వచ్చేవాళ్లు కొందరుండేవాళ్లు.

ఇంకా చాలా ఉన్నాయి, రాస్తాను. నాదీ ఒక్క మాట విను. పిచ్చుక ఎలా ఉంది? ఎంత ఎత్తయింది? తల్లి లేని పిల్లని నీ ఒళ్లో పడేసి వచ్చాను, అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను. ఆదివారాలు ఇక్కడ ములాఖత్ ఉంటుంది, అయినవాళ్లని చూడనిస్తారు. ఒక్కసారి పంపించు. ఇనప జాలీ అవతల నిలబడి, మాట్లాడకుండా వెళ్లిపోయినా ఫరవాలేదు. నా కూతురి ముఖం నాకు గుర్తు రావడం లేదు వదినా. రోజూ గుర్తు చేసుకోబోతాను, చిన్నప్పటి ముఖమే వస్తుంది.

నీ చిన్నోడు


హోటల్ మేడ మీద గది

మరిదికి,

ఉత్తరం అందింది. ఎడమపక్కకి పోయే బండి సంగతి చదివి నవ్వాను. ఆయన పోయాక నవ్వడం అదే మొదలు. తర్వాత చాలాసేపు ఏడ్చాను. అన్నేళ్లు కాపురం చేసి ఈ మాట నేను వినలేదు. నాతో ఎందుకు చెప్పలేదు? పేదరికం చెబితే నేను చులకనగా చూస్తాననుకున్నారా?

పిచ్చుక రాదు. మీరు అడుగుతున్నారని చెప్పాను. కూరలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు. "తాళం వేశాడు, సరే, మతిమరుపు అనుకుంటాను. పారిపోయాడు చూడు, దానికేం అనుకోను పెద్దమ్మా?" అంది. దానికి చిన్నప్పుడు జడలు వేసింది గిన్నెలక్క. తల్లి పోయిన పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, తడిచేతులు చీరకి తుడుచుకుని దువ్వేది. ఆవిడకి నా అన్నవాళ్లు లేరు. ఏడ్చింది పిచ్చుకే. అడిగిందీ పిచ్చుకే. ఇంకెవరూ ఆ చావు గురించి గట్టిగా అడగలేదు.

ఇప్పుడు కౌంటర్‌లో అదే కూర్చుంటోంది. అచ్చం వాళ్ల పెదనాన్నలాగే, పళ్లెంలో వదిలేసినవాళ్ల వంక గుడ్లురిమి చూస్తుంది. మాకు పిల్లలు లేని లోటు ఆ పిల్ల తీర్చింది. సభలో అది కూడా మాట్లాడుతుందట, పెదనాన్న గురించి.

మీ దగ్గర్నుంచి ఇంకో రెండు సంగతులు కావాలి. బండి నుంచి కొట్టు దాకా ఎలా వచ్చారు అన్నది ఒకటి. రెండోది మీకు కష్టమే. మంటలు లేచిన రోజు నేను ఊళ్లో లేను, అక్క దగ్గరికి వెళ్లాను. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లందరినీ ఆయనే బయటికి పంపారని, ఆయన లేకపోతే ఇంకెందరు పోయేవారోనని ఊరంతా చెబుతుంది. ఆయన్ని అడిగితే ఒక్క ముక్క చెప్పేవారు కాదు. మీరు పారిపోయేముందు కళ్లారా చూసి ఉంటారు. చూసినంత రాయండి.

మీ వదిన


జైలు వరండా

వదినకి,

"పారిపోయేముందు" అని రాశావు. సరే.

కొట్టు సంగతి ముందు చెబుతాను. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి బండి ఖాళీ. గిన్నెలు, గరిటెలు, మూతలు, అన్నీ ఎత్తుకుపోయారు. నేను బండి కిందే పడుకున్నాను, నాకు మెలకువ రాలేదు. అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. బండి పక్కన కూర్చుని వేళ్లతో నేల మీద గీతలు గీస్తూ ఉండిపోయాడు. ఆకలేసినప్పుడు కూడా ఆయన్ని అలా చూడలేదు నేను. మళ్లీ సామాన్లెత్తి, మళ్లీ గిన్నెలు కొనేసరికి ఏళ్లు పట్టింది. కొట్టు అద్దెకి తీసుకున్న మొదటి రోజు పొయ్యి కంటే ముందు కొన్నది తాళం.

అప్పట్నుంచీ అంతే. వెనక సందులోకి ఉన్న ఇనప తలుపు, రద్దీ మొదలవగానే చుట్టూ తిరిగి సందులోకి వెళ్లి బయటి నుంచి తాళం వేసేవాడు. ముందు కౌంటర్‌లో తను కూర్చుంటే వెనక నుంచి ఏం పోతుందోనని భయం. బియ్యం పోతుందని కాదు వదినా, మళ్లీ ఖాళీ బండి పక్కన కూర్చోవాల్సి వస్తుందని. ఆ తాళంచెవి చొక్కా లోపలి జేబులో పిన్నీసుతో గుచ్చుకునేవాడు. జ్వరంతో మూలుగుతూ కూడా ఎవరి చేతికీ ఇవ్వలేదు. నేను అడిగితే, "నీకు నిద్రెక్కువ" అనేవాడు. అదొక్కటే నన్ను దెప్పిన మాట.

ఇక ఆ రోజు. నూనె అంటుకుంది. వంటింట్లో ఉన్నవాళ్లం హాల్లోకి పరిగెత్తాం. పొగ ముంచుకొచ్చింది, జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. అన్నయ్య స్టూలు మీదకెక్కి, "ఎవరూ తోసుకోకండి, కూర మాడితే ఇంకోటి వండుతా!" అని అరిచాడు. జనం నిజంగానే ఆగారు. గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి భుజం పట్టి బయటికి పంపాడు. ఒక ముసలాయన చెప్పుల కోసం వెనక్కి వెళ్లబోతే ఎత్తుకుని తీసుకొచ్చి రోడ్డు మీద పెట్టాడు. ఊరు చెప్పేది అబద్ధం కాదు. అందరినీ ఆయనే కాపాడాడు. సభలో ఇది చెప్పు. గట్టిగా చెప్పు.

గిన్నెలక్క వంటింటి వెనక, తొట్టి దగ్గర ఉండిపోయింది. వంటింటి మీదుగా బయటికి వచ్చే దారి లేదు, అంతా మంటలు. ఇక ఆ తలుపే. ఇనుము అంత వేడెక్కుతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు వదినా. లోపలి నుంచి తలుపు కొడుతూనే ఉంది, పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

ఇక రాయలేను. పిచ్చుకని పంపించు. కోప్పడకుండా ఇంకోసారి అడుగు. నీ కాళ్లు పట్టుకుంటాను.

చిన్నోడు


హోటల్ మేడ మీద గది

చిన్నోడా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో తెలియదు. ఒక్కటే అడుగుతున్నాను.

తాళంచెవి నీ దగ్గరే ఉందని, కంగారులో దొరక్క పారిపోయానని జడ్జి ముందు చెప్పావు. ఆయన కూడా నాతో అదే అన్నారు, ఆ రోజు బజారుకి వెళ్తూ నీకిచ్చారని. జ్వరంలో కూడా ఎవరికీ ఇవ్వలేదని ఇప్పుడు నువ్వే రాస్తున్నావు. అది పక్కన పెట్టు. పారిపోయినవాడికి అరచేతులు ఎలా కాలతాయి?

వదిన


జైలు వరండా

వదినకి,

పెనం తగిలి కాలాయి. కేసులో కూడా అదే ఉంది.

ఉత్తరంలో ఏదో వరసగా రాసుకుంటూ పోయాను, ఒకటికొకటి కలిసిపోయి ఉంటాయి. నువ్వు వకీలులాగా అక్షరం అక్షరం పట్టుకుంటే నేనేం చెప్పను? ఇక్కడ ఉత్తరాలు చదివి గానీ బయటికి పంపరని నీకు తెలుసు.

సభకి మంచి చీర కట్టుకో. నేను రాసిన బండి సంగతీ, ముసలాయన చెప్పుల సంగతీ చెప్పు. ఆ రెండు చాలు. తాళాల గురించి ఎవరికి కావాలి?

పిచ్చుకని అడిగావా?

చిన్నోడు


హోటల్ మేడ మీద గది

చిన్నోడా,

అడగలేదు. దాని ముఖం చూడలేకపోతున్నాను, ఇంకేం అడగను?

నీ పెనం మాట చదివి వెనక సందులోకి వెళ్లాను. తలుపు మార్చారు గానీ గోడకి నల్లమరకలు అలాగే ఉన్నాయి. ఎదురుగా ఇస్త్రీ ఆయన కొట్టు ఉంది కదా. ఇన్నేళ్లుగా మన బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. వెళ్లి నిలబడ్డాను. ఏం అడగాలో కూడా తెలియలేదు. "ఆ రోజు..." అన్నాను, అంతే. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి ఏడుపు మొదలుపెట్టాడు.

"చిన్నాయన ఆ తాళం పట్టుకుని గుంజుతున్నాడమ్మా. రాయితో కొట్టాడు. మళ్లీ చేతులతోనే గుంజాడు. నేను బొగ్గుల పట్టకారు తీసుకుని వెళ్లేలోపు పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చారు. జేబులోంచి తాళంచెవి తీస్తుంటే పిన్నీసు ఊడలేదు. తీసేసరికి లోపల కొట్టడం ఆగిపోయింది" అన్నాడు.

ఎందుకు చెప్పలేదయ్యా ఇన్నాళ్లూ అంటే, "నన్నెవరూ అడగలేదు. పెద్దాయనే చెబుతారనుకున్నాను" అన్నాడు.

ఆ పిన్నీసు రోజూ నేనే పెట్టేదాన్ని. ఉతికిన చొక్కా తొడుక్కోగానే ఛాతీ చూపించి నిలబడేవారు, నేను గుచ్చేదాన్ని. అదేదో సరసంలా ఉండేది మాకు.

ఇప్పుడు నేనేం చేయాలి? ఆయన మీద కోపగించుకుందామంటే మనిషి లేడు. ఏడుద్దామంటే ఎవరి కోసం ఏడుస్తున్నానో తెలియడం లేదు. ఆయన చొక్కా కొక్కేనికి వేలాడుతూనే ఉంది, ఉతకలేను, పారేయలేను. నిన్ను ఎన్ని మాటలన్నాను! శవాన్ని కూడా చూడనివ్వలేదు నేను. ఒక్క మాట కూడా తిరిగి అనకుండా రొట్టెల కబుర్లు రాస్తూ కూర్చున్నావు. నీకు సిగ్గు లేదా? నన్ను ఎందుకు తిట్టలేదు?

ఇంక అబద్ధం రాయకు. జైలు వాళ్లు చదివితే చదవనీ. ఏం జరిగిందో రాయి.

వదిన


జైలు వరండా

వదినా,

చదివితే చదవనీ.

అన్నయ్య కావాలని చేయలేదు. హాల్లో జనాన్ని పంపుతూ తాళం సంగతి మర్చిపోయాడు. అదొక్కటే నువ్వు నమ్మాలి. నేను సందులోంచి అరుస్తున్నాను, ఆ గోలలో ఆయనకి వినపడలేదు. ఆఖరి మనిషి బయటికి వచ్చాక గుర్తొచ్చింది. గుర్తొచ్చినప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో నేను చూడలేదు గానీ, సందు మలుపు తిరిగి వస్తున్నప్పుడు చూశాను. నా శత్రువుకి కూడా ఆ ముఖం వద్దు.

తలుపు తెరిచాక ఆయన మట్టిలో కూలబడ్డాడు. పోలీసులు వచ్చేలోపు నా కాళ్లు పట్టుకున్నాడు. నన్ను పెంచినవాడు నా కాళ్లు పట్టుకున్నాడు వదినా. "చిన్నోడా, నేను జైలుకి పోతే హోటల్ మూతపడుతుంది. ఇంతమందీ మళ్లీ బండి కిందకి వెళ్లాలి. నువ్వెళ్లు. ఏడాది తిరక్కుండా బయటికి తెస్తాను. పిచ్చుకని నా కూతురిలా చూసుకుంటాను" అన్నాడు. రెండో మాట నిలబెట్టుకున్నాడు.

మొదట్లో ములాఖత్‌కి వచ్చేవాడు. జాలీ అవతల నిలబడి నా వంక చూడలేక గోడ వంక చూసేవాడు. వకీలుతో మాట్లాడుతున్నానని చెప్పేవాడు. తర్వాత మానేశాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆయన గొంతు పిసకాలనిపించిన రోజులున్నాయి. మళ్లీ ఆయనకి ఏమైనా అవుతుందేమోనని భయపడిన రోజులూ ఉన్నాయి. రెండూ ఒకే రోజు ఉండేవి.

పారిపోయానని చెప్పమన్నది వకీలు. భయపడినవాడిలా కనిపిస్తే జడ్జి జాలిపడతాడన్నాడు. జడ్జి జాలిపడ్డాడో లేదో గానీ, నా కూతురు నన్ను అసహ్యించుకుంది.

ఇన్ని ఉత్తరాల్లో పిచ్చుకని పంపించమని అడిగాను. ఇప్పుడు దానికంటే గట్టిగా అడుగుతున్నాను, దానికి ఇది చెప్పకు. ఎలాగూ నేను దానికి లేను. పెదనాన్ననైనా ఉండనీ. ఉన్న ఒక్కణ్ని కూడా లాగేస్తే ఆ పిల్ల ఎవరి పేరు చెప్పుకుని కౌంటర్‌లో కూర్చుంటుంది? నీ మీద ఒట్టేసి అడుగుతున్నాను. నేను బయటికి రాకపోయినా ఫరవాలేదు, అది రాకపోయినా ఫరవాలేదు.

ఫరవాలేదని రాశాను గానీ, ఉంది వదినా. చచ్చేంత ఉంది. అయినా చెప్పకు.

చిన్నోడు


హోటల్ మేడ మీద గది,
సభ జరిగిన మర్నాడు

చిన్నోడా,

చెప్పేశాను.

నోరు మూసుకోవాలనే చూశాను. నీ మాట మీద ఉన్నాను చాలా రోజులు. సభ ముందు రోజు పిచ్చుక వంటింట్లో నా పక్కన కూర్చుని తన మాటలు చదివి వినిపించింది. "పెదనాన్న జీవితంలో దేనికీ భయపడలేదు అని మొదలుపెడతాను పెద్దమ్మా, బాగుంటుందా?" అంది. బాగుంటుంది అందామని నోరు తెరిచాను. "భయపడ్డాడు" అని వచ్చింది. ఇక ఆగలేదు. తాళం, పిన్నీసు, సందు, నీ చేతులు, అన్నీ చెప్పేశాను.

అది అంతా విని, "అంటే నాన్న పారిపోలేదు" అంది. లేదే తల్లీ, అన్నాను. నా మెడ పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. ఇక అంతా బాగుపడుతుందని కూడా అనుకున్నాను, ఎంత వెర్రిదాన్నో చూడు.

"గిన్నెలక్కని వదిలిపెట్టలేదు. నన్ను వదిలిపెట్టాడు" అంది. "అన్న వచ్చి కాళ్లు పట్టుకున్నాడు, నాన్న వెళ్లిపోయాడు. నేను చిన్నదాన్ని, నాకు కాళ్లు పట్టుకోవడం తెలియదు. నాన్న కావాలా, హోటల్ కావాలా అని నన్ను ఎవరు అడిగారు పెద్దమ్మా?"

నీ తరఫున ఏదైనా చెబుదామని చూశాను. అన్న పెంచాడనీ, ఇంతమంది బతుకులనీ అన్నాను. "ఆ ఇంతమందిలో నేను లేనా?" అంది. సభ కోసం రాసుకున్న కాగితం చింపలేదు, మడిచి పొయ్యిలో కూడా వేయలేదు. అక్కడే వదిలేసి కౌంటర్‌లోకి వెళ్లి కూర్చుంది. అప్పట్నుంచి నాతో పని మాటలు తప్ప లేవు. ఈ హోటల్, ఈ గది, ఆయన, అన్నీ పోయినట్టే ఉంది నాకు. ఒక్క పిల్ల మిగిలిందనుకుంటే అదీ చేతుల్లోంచి జారిపోతోంది.

సభలో మాట్లాడాను. బండి సంగతి చెబితే నవ్వారు. ముసలాయన చెప్పుల సంగతి చెబితే చప్పట్లు కొట్టారు, ఆ ముసలాయన కొడుకు లేచి నిలబడి మరీ కొట్టాడు. తర్వాత తాళం ఎవరు వేశారో, తాళంచెవి ఎవరి జేబులో ఉందో చెప్పాను. నువ్వు ఎందుకు జైల్లో ఉన్నావో చెప్పాను. అధ్యక్షుడు వచ్చి నా చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుని, "అమ్మగారు దుఃఖంలో ఉన్నారు, మనమంతా అర్థం చేసుకోవాలి" అన్నాడు. ఫోటో పెట్టేశారు. దానికి నేనే దండ వేయాలట. వేయలేదు. అలాగని తీసేయమనీ అనలేకపోయాను. ఫోటోలో ఆయన నవ్వుతున్నారు చిన్నోడా. నాకు ఆ మనిషి మీద ప్రేమ చావలేదు. అదే నన్ను చంపుతోంది.

ఇవాళ ఇస్త్రీ ఆయన్ని వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్లి రాసిచ్చాను. మళ్లీ విచారణ అంటే తేలిక కాదని, పోయినవాళ్ల మీద నెట్టడం అందరూ చేసేదేనని వకీలు పెదవి విరిచాడు. ప్రయత్నిద్దామన్నాడు. ఆశ పెట్టుకోమని చెప్పను. హోటల్‌కి రోజూ వచ్చేవాళ్లు సగం మంది ఇవాళ రాలేదు.

ఆదివారం పిచ్చుక నీ దగ్గరికి వస్తోంది. సంతోషపడకు. నన్ను అడిగిన మాటే నీ ముఖం మీద అడగడానికి వస్తోంది. నేను తోడు వస్తానంటే వద్దంది. ఏం చెబుతావో ఆలోచించుకో. దయచేసి దానికి బండి కథలు మాత్రం చెప్పకు.

నీ వదిన


జైలు వరండా,
ఆదివారం సాయంత్రం

వదినా,

వచ్చింది.

వార్డరు నా పేరు పిలిస్తే వెళ్లాను. జాలీ అవతల ఎవరో పెద్దమ్మాయి నిలబడి ఉంది, పక్కవాళ్ల కోసం వచ్చిందనుకుని నేను ఇంకా అటూ ఇటూ వెతుకుతున్నాను. "నేనే" అంది. ఆ గొంతు విని గుర్తుపట్టాను. కూర్చోమంటే కూర్చోలేదు.

నువ్వు రాసిన మాటే అడిగింది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "పెదనాన్న అడిగినప్పుడు నేను గుర్తొచ్చానా?" అంది.

నీ ఉత్తరం వచ్చినప్పట్నుంచి చాలా జవాబులు తయారుచేసుకున్నాను. అన్నయ్య నా కోసం పస్తులున్నాడని చెబుదామనుకున్నాను, బండి కథలు చెప్పొద్దన్నావు. నేను జైలుకి వెళ్లకపోతే దానికి తిండి పెట్టేవాడుండడని చెబుదామనుకున్నాను. అది నిజం కాదు, నేను ఉంటే నేనే పెట్టేవాణ్ని. నువ్వు గుర్తొచ్చావు అని చెబుదామనుకున్నాను. గుర్తు రాలేదు వదినా. ఆ నిమిషంలో మట్టిలో కూర్చున్న అన్నయ్య తప్ప నాకెవరూ కనపడలేదు. ఇది దానితో ఎలా అంటాను? ఏడ్చాను. అది ఏడవలేదు, నేను ఆపేదాకా చూస్తూ నిలబడింది.

టైమైపోయిందని గంట కొట్టారు. "జవాబు చెప్పలేదు" అంది. చేతకావడం లేదమ్మా అన్నాను. "అయితే ఆలోచించుకో. వచ్చే ఆదివారం మళ్లీ వస్తాను. చెప్పేదాకా వస్తూనే ఉంటాను" అని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

వచ్చే ఆదివారానికి నిజం చెప్పేయాలని అనుకుంటాను. మరుక్షణం, అది విన్నాక మళ్లీ వస్తుందా అనుకుంటాను. పొయ్యి దగ్గర నిలబడి రోజంతా ఇదే. నాకు ఏ జవాబూ దొరకకుండా ఉంటే బాగుండునని ఉంది వదినా.

నీ చిన్నోడు